మడతలో ఉన్న శిష్యుడు

ఇప్పుడు ఫోనులో రెండు వేళ్ళతో లాగితే ఏ బొమ్మయినా గోడంత అవుతుంది. మా రోజుల్లో బొమ్మ ఎంత ఉండాలో తేల్చేది ఫ్రేముల కొట్టు. ప్రత్తిపాడు చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టుకున్న క్రైస్తవ కుటుంబమల్లా గుంటూరు వెళ్ళి ప్రభువు రాత్రి భోజనం పటమో, గొర్రెపిల్లను ఎత్తుకున్న మంచి కాపరి పటమో అద్దం కట్టించి తెచ్చుకునేది. తలుపులు ఇంకా బిగించకపోయినా పరవాలేదు గాని, పటం లేకుండా గృహప్రార్థన జరిగేది కాదు. మా ఇంటికి కావలసిన పటం మా నాయనమ్మ పెట్టెలో ఏనాటి నుంచో ఉంది. సువార్త సభల్లో కొన్న కాగితం. మట్టిగోడకు మేకు నిలవదని చుట్టచుట్టి దాచింది. మిరప కలిసొచ్చి నాన్న స్లాబు ఇల్లు వేయించాక, "ఇప్పుడు కట్టించుకురావే" అని నా చేతికిచ్చింది. అప్పటికి నేను బళ్ళో లెక్కలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఏ పనైనా కొలిచి, లెక్కపెట్టి చేస్తానని ఇంట్లో నాకు పేరు (వాళ్ళు అది పొగడ్తగా అనలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది).

ఫిబ్రవరి రెండో శనివారం (బడికి సెలవు కాబట్టి గుర్తు) గుంటూరు వెళ్ళి పటం తెచ్చాను. కొట్టు సాయిబుగారు పాత పేపర్లలో చుట్టి, పురికొస కట్టి ఇచ్చారు. మర్నాడే ప్రార్థన. ముందుగదిలో మేకు గోడకు నట్టనడుమ పడాలని స్కేలు తీశాను. గోడ మధ్య దొరికింది, పటం మధ్య దొరికింది, ప్రభువు మాత్రం మధ్యలో లేడు. ఎడమవైపుకు జరిగి ఉన్నాడు. అనుమానమొచ్చి మనుషుల్ని లెక్కపెట్టాను. ప్రభువుతో కలిపి పన్నెండుమంది. మళ్ళీ కుడినుంచి లెక్కపెట్టాను. పన్నెండే, ఉండాల్సింది పదమూడు. ఎడమ చివర, బల్లమీద ఒక చెయ్యి మాత్రం ఉంది. ఆ చేతికి మనిషి లేడు.

"నాయనమ్మా, ఒక శిష్యుడు లేడు!" అని పైకే అనేశాను.

చూపు ఆనని నాయనమ్మ పటానికి ముక్కు ఆనించి చూసింది. "యూదాని తీసేశాడేమోలేవే. మంచిపని చేశాడు."

"లేదు నాయనమ్మా. డబ్బుసంచి పట్టుకున్నవాడు ఉన్నాడు. పోయింది వేరే ఆయన."

"దొంగని ఉంచి మంచోణ్ణి కోసేశాడా! ఇదెక్కడి న్యాయమే?" అని నాయనమ్మ అప్పటికప్పుడు తీర్పు చెప్పేసింది. ఆ మనిషి తిరిగొచ్చేదాకా తాను ఈ ఇంట్లో కాలు పెట్టదట. అన్నమాట ప్రకారం ఎండుమిరప టిక్కీలు, అదే గోనె బస్తాలు, నిలవచేసిన పాత కొట్టంలోకి మంచం వేయించుకుంది. ఆ ఘాటుకి ఆమె తుమ్మితే కొత్త ఇంటి కిటికీ రెక్కలు కదిలేవి. తుమ్ము తర్వాత దగ్గు, దగ్గు తర్వాత ఆయాసం. నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. వాళ్ళమ్మను స్లాబు కింద పడుకోబెట్టాలని కట్టించిన ఇల్లది.

ఆదివారం ప్రార్థనకొచ్చిన పాస్టరు అయ్యగారిని అడిగాం. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఎవరు ఎక్కడ కూర్చున్నారో సువార్తల్లో రాయలేదమ్మా" అని చెప్పి భోజనానికి లేచారు. పక్కింటి రైతు, మేం బాబాయి అని పిలిచే ఆయన, చేలోంచి అటే వచ్చి, "కోతకి పదమూడుమందిని పిలిస్తే పన్నెండుమందే వస్తారు పెద్దమ్మా! సర్దుకుపోవాల" అన్నాడు. "చెయ్యి ఒక్కటే పంపించి కూలి అడిగితే ఇస్తావంట్రా నువ్వు?" అని నాయనమ్మ కొట్టంలోంచి తుమ్ముతూనే అరిచింది. బాబాయి కండువా దులుపుకుని భోజనాలవైపు నడిచాడు.

సోమవారం ఒకపూట సెలవు పెట్టి, పటాన్ని దుప్పట్లో చుట్టి, నాన్నా నేనూ బస్సెక్కాం. దుప్పటి జారి పటం బయటపడితే కండక్టరు తొంగిచూసి, "ఇంతమందికి సీట్లు లేవమ్మా, నిలబెట్టండి" అన్నాడు. నిలబెట్టాం.

దారిపొడుగునా కూడబెట్టుకున్న కోపమంతా నేను కొట్లో ఒక్కసారే వెళ్ళగక్కాను. సాయిబుగారు చివరిదాకా విని, "కోశానని ఎవరన్నారమ్మా? ఏ దేవుడి కాగితానికైనా మా కొట్లో కత్తెర పెట్టం. మా నాయన కాలం నుంచీ అంతే. ఎక్కువైతే మడుస్తాం" అని మేకులు పీకి, వెనక అట్ట తీశారు. నిజమే. శిష్యుడు నిక్షేపంగా ఉన్నాడు, వెనక్కి మడిచి.

"మడిచేది రెండువైపులా సమంగా మడవొచ్చు గదా?" అన్నాను. నా లెక్క నాది.

"కుడిపక్క చూడమ్మా, ముగ్గురూ ఏదో గట్టిగా మాట్లాడుకుంటన్నారు. మాట్లాడుకునేవాళ్ళని ఎట్టా విడదీస్తాం? ఎడమ చివరాయన ఊరికే నిలబడి చూస్తన్నాడని ఆయన్ని మడిచా. పెద్ద ఫ్రేముకి ఇప్పుడు చెక్క లేదు. మీకిష్టం లేకపోతే ఈయన్ని తీసి ఇంకొకర్ని మడుస్తా. ఎవర్ని మడవమంటారో చెప్పండి."

నాన్న నావైపు చూశాడు. నేను స్కేలు తీశాను, మళ్ళీ సంచిలో పెట్టేశాను. పన్నెండుమంది శిష్యుల్లో ఒకరిని ఎంచి గోడవైపు తిప్పమని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. యూదా పేరు చెబుదామంటే ఆయన నడుమ ఇరుక్కుని ఉన్నాడు. పటం ఉన్నది ఉన్నట్టే బిగింపించి, పట్టుకుని తిరిగొచ్చాం.

నాయనమ్మ కొట్టం గడపలో కూచుని జరిగిందంతా విన్నది. "కొయ్యలేదుగా? మొహం ఎటుంది?"

"వెనక్కి, గోడవైపు ఉందమ్మా" అన్నాడు నాన్న బెరుగ్గా.

ఆమె లేచి, చీరకు అంటిన మిరపగింజలు దులుపుకుని, అందరం చూస్తుండగా కొత్త ఇంట్లోకి నడిచింది. ముందుగదిలో ఆగలేదు. ఆ గోడకి అవతల ఉన్న లోపలిగదిలోకి వెళ్ళి, చేత్తో గోడ తడుముతూ, "పటం ఎడమ చివర ఎక్కడికొస్తుందే?" అని నన్నడిగింది. నేను కొలిచి చూపించాను. "మంచం ఇక్కడెయ్యండ్రా. ముందుగదిలో వచ్చేపోయేవాళ్ళకి అంతమంది ఉన్నారు. నావైపు ఈయన చూస్తంటాడు."

"మధ్యలో అట్టముక్క ఉంది, గోడ కూడా ఉంది నాయనమ్మా" అన్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా బాధ్యత కాబట్టి.

"మూసిన తలుపుల్లోంచి లోపలికొచ్చిన ప్రభువు దగ్గర చదువుకున్నోడికి అట్టముక్క ఒక లెక్కా?"

ఆ పటమే ఇప్పుడు నా ఇంట్లో ఉంది. పెద్ద ఫ్రేము కట్టించమని పిల్లలు చెబుతూనే ఉన్నారు, ఇప్పుడు ఏ సైజైనా దొరుకుతుంది కూడా. మొన్న పక్కవాటా పిల్ల వేలుపెట్టి లెక్కపెట్టి, "మామ్మా, ఒకాయన తక్కువున్నాడు" అంది. "లేకేం, లోపలిగదిలో ఉన్నాడు" అన్నాను. ఆ పిల్ల నన్ను అదోలా చూసింది. ఆ వయసులో నేనైతే చూసి ఊరుకునేదాన్ని కాదు, స్కేలు తెచ్చేదాన్ని. పిల్ల వెళ్ళాక లోపలికి వెళ్ళి నా మంచం మళ్ళీ ఆయన ఎదుటికి జరిపాను. నేల తుడిచినప్పుడు పనిమనిషి బెత్తెడు పక్కకి జరిపేసింది మరి.