వినేటోళ్ల గది

నేతగాళ్లు అమావాస్య నాడు మగ్గం గుంతలోకి దిగరు. నెలకు వాళ్లకున్న తీరిక అదొక్కటే. పెద్దపల్లి దగ్గరి ఆ చిన్న పట్నంలో పద్మశాలి వాడ మొత్తం ఆ పూట స్నానాలు చేసి గ్రంథాలయానికి వచ్చేది. దర్జీ చాంద్‌పాషా పత్రిక విప్పి గట్టిగా చదివేవాడు. మిగతావాళ్లు కింద కూర్చుని వినేవారు. మధ్యలో ఆపించి వాదించుకునేవారు. చదివిన ముక్కనే మళ్లీ చదివించుకునేవారు. అందరికంటే ఎక్కువ ఆపించేది శంకరవ్వ.

ఆ గది ఉన్న జాగా ఆమెదే. నిజాం కాలంలో తెలుగు పుస్తకాలు చేర్చి పదిమంది కూడితే పోలీసు అమీను ఆరా తీసేవాడు. అప్పట్లో పుస్తకాలన్నీ ఆమె ఇంట్లో నూలు మూటల కింద ఉండేవి. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు ఆమె భర్త చనిపోయాడు. పిల్లలు లేరు. అతని మగ్గం గుంతను దగ్గరుండి పూడ్పించి, ఆ చోట గది కట్టుకొమ్మన్నది. వాడంతా రాళ్లు మోసింది.

శంకరవ్వకు అక్షరం రాదు. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికేది. కానీ ఊరి నేత సంఘానికి ఎంత నూలు మంజూరైందో పత్రికలో వచ్చిన రోజు, ఆ వార్త రెండుసార్లు చదివించుకుని, ఆడవాళ్లను వెంటబెట్టుకుని సంఘం పెద్ద ఇంటి వాకిట్లో కూర్చున్నది ఆమే. అతను దాచిన నూలు సాయంత్రానికి బయటికొచ్చింది. చదువు రానివాళ్లకు పత్రిక ఎందుకని అడిగేవాళ్లు ఆ వాకిలి చూసి ఉండాల్సింది.

అరవై ఒకటిలో గ్రంథాలయం సర్కారు చేతికి పోయింది. కొత్త పుస్తకాలు, కుర్చీలు వస్తాయని అందరూ సంబరపడ్డారు. వచ్చాయి కూడా. అప్పగింత నాడు అధికారి, "పాఠకులు ముందుకు రండి, సభ్యులుగా రాసుకుంటాం" అన్నాడు. పొరపాటు అక్కడ జరిగింది. చదవలేనివాళ్లు మర్యాదకు వెనక్కి జరిగి, చదవగలిగిన గుప్పెడు మందిని ముందుకు తోశారు. "మేం చదివేటోళ్లం కాదు సారూ, వినేటోళ్లం" అని నవ్వుతూ చెప్పింది శంకరవ్వే.

మరుసటి ఏడు అంబదాస్ అనే గ్రంథపాలకుడు ఆదిలాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చెదలు దులిపించాడు, పుస్తకాలకు అట్టలు వేయించాడు. గోడకు 'నిశ్శబ్దం' అని బోర్డు కొట్టించాడు. ఆ అమావాస్యకు చాంద్‌పాషా మొదటి వార్త అందుకోగానే వచ్చి అతని చేతిలోంచి పత్రిక తీసుకున్నాడు.

"ఇక్కడ గట్టిగా చదవరాదు."

"మెల్లగ చదివితె గా మూలకున్న దశరథానికి వినవడదు సార్. ఆయనకు ఇంట్ల పెండ్లాం పిలిచినా వినవడదు" అన్నాడు చాంద్‌పాషా.

"వినవడ్తది. పలకను, అంతే" అన్నాడు దశరథం. అందరూ నవ్వారు.

అంబదాస్ నవ్వలేదు. "చదువుకునేవాళ్లకు ఇబ్బంది. సభ్యులు కానివాళ్లు బయటికి వెళ్లండి."

శంకరవ్వ లేచింది. "ఎవలు సారూ సభ్యులు గానోళ్లు?"

"పేర్లు రాసేటప్పుడు చదివేవాళ్లం కాదని మీరే అన్నారట కదా, అవ్వా."

"అన్న. మర్యాదకు పక్కకు జరిగిన. జాగ ఇడిసి పోతనన్ననా? గా అమీను గూడ పుస్తకాలు దేవులాడిండు గని, వినొద్దనలే!"

"నియమం నేను పెట్టింది కాదు."

"పెట్టినోన్ని తోల్కరా. గాయినెకు గూడ చదివి వినిపిస్తం."

చివరికి అంబదాస్ పత్రిక తిరిగిచ్చి ఒక దారి చూపాడు. బయట అరుగు మీద చదువుకోవచ్చు, ఎండ పడకుండా తడక కట్టిస్తానన్నాడు. అందరూ మెత్తబడ్డారు.

"అరుగైతేంది వదినె, వార్త వార్తే గద" అన్నాడు దశరథం.

"నీ ఇంట్ల నీకు అరుగు మీద బువ్వ పెడ్తే తింటవా?"

"ఆకలైతె తింట."

జనం బయటికి నడిచారు. లోపల కుర్చీలన్నీ ఖాళీ. ఎవరికి ఇబ్బంది అన్నారో ఆ పాఠకుడు, తహసీలు కచేరీ గుమాస్తా ఒక్కడు, ఇంకో పత్రిక ముఖం మీద కప్పుకుని కునుకు తీస్తున్నాడు. శంకరవ్వ వెళ్లి అతని ఎదుటి కుర్చీలో కూర్చున్నది.

"అవ్వా, ఇక్కడ కూర్చోకూడదు" అన్నాడు అంబదాస్.

"సప్పుడు చేసిన్నా?"

"లేదు. కానీ మీరు సభ్యురాలు కాదు."

"అయితె పేరు రాసుకో."

"సంతకం కావాలి."

ఆమె బొటనవేలు చూపించింది.

"వేలిముద్ర చెల్లదు అవ్వా."

"గీ జాగ రాసిచ్చిన నాడు చెల్లింది గద సారూ!"

అంబదాస్ తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. బయట చాంద్‌పాషా చదవడం మొదలుపెట్టాడు. శంకరవ్వ కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. చాంద్‌పాషా గొంతు గదంతా నిండింది.

గుమాస్తా ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "ఏమిటండీ ఈ గోల? కిటికీ మూయించండి."

"మీరే వెళ్లి మూసుకోండి" అన్నాడు అంబదాస్, తల ఎత్తకుండా.

గుమాస్తా కిటికీ వైపు చూశాడు. శంకరవ్వ చేయి రెక్క మీదే ఉంది. అతను లేవలేదు.

బతికిన మరో నాలుగైదేళ్లూ ప్రతి అమావాస్యా ఆమె ఆ కిటికీ పక్కనే, గది లోపలే కూర్చుని విన్నది. సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు.