తడి పచ్చికలో నులక మంచం

పై క్వార్టర్ ఆంటీ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చివరిదాకా గది కిటికీ మూయనివ్వలేదట, వాళ్లమ్మాయి చెప్పింది. నాకు ఆశ్చర్యం కలగలేదు.

తొంభైల్లో ఢిల్లీ ఆర్.కె. పురంలో మాది కింది ఇల్లు. చలికాలంలో మా గదుల్లోకి ఎండ రాదు. వారం రోజులు గడియారం చూసి మరీ రాసుకున్నాను, ఒక్క నిమిషం కూడా లేదు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చినదాన్ని, ఢిల్లీ చలి ఎరగను. దగ్గుతున్న నెల పిల్లను పక్కలో వేసుకుని, గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కాను. అంతవరకు మెట్ల మీద పలకరింపుగా నవ్వడమే తప్ప ఆంటీతో నాకు పరిచయం లేదు. ఆ రోజు తోడు పెరుగు కోసం వచ్చారు. నేను తలుపు తీయగానే లోపలి గాలి పీల్చి, కుంపటిని బయటికి ఈడ్చేశారు.

"ఆ బొగ్గుల గాలితో పిల్లని చంపుకుంటావా? వెచ్చదనం బయటుందమ్మా, పద."

బయట లాన్‌లో పదిన్నర నుంచి రెండున్నర దాకా ఎండ. అక్కడ ఆవిడ నులక మంచం, దాని మీద ఆరేసిన రజాయిలు, విప్పి మళ్లీ అల్లుతున్న పాత స్వెటర్ ఊలు. పాపకు నూనె రాసి ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. పదిరోజుల్లో దగ్గు తగ్గింది. కింది ఇళ్ల ఆడవాళ్లమంతా అక్కడికే చేరాం.

కాలనీ సెక్రటరీగారికి అది నచ్చలేదు. పచ్చిక పాడవుతోందన్నారు. మేం వినకపోయేసరికి పదింటికల్లా మాలీ చేత లాన్ తడిపించడం మొదలుపెట్టారు. అందరం వెనక్కి తగ్గాం. నేనూ తగ్గాను. ఆంటీ మాత్రం ఆ తడిలోనే మంచం వేశారు.

"నువ్వు తడుపు భయ్యా. మంచానికి కాళ్లున్నాయి."

చివరికి సెక్రటరీగారే స్వయంగా వచ్చారు. "మీ బాల్కనీ నిండా ఎండే కదా ఆంటీ, అక్కడ కూర్చోవచ్చుగా?"

"నా బాల్కనీలో నేనొక్కదాన్నే పడతాను బాబూ. రేపు ఈ పిల్లకి జలుబు ఛాతీలోకి దిగితే నీ పచ్చిక వచ్చి చూస్తుందా? మీ ఆవిడనీ పంపించు, మీదీ కింది ఇల్లేగా."

మూడో రోజు సెక్రటరీగారి భార్య ఊలు ఉండ పట్టుకుని వచ్చింది. లాన్ తడపడం సాయంత్రానికి మారింది.

ఇప్పుడు మేముంటున్న జనక్‌పురిలో, మా ఇంటి ముందు పార్కులో, పచ్చిక మీద కూర్చోరాదని బోర్డు ఉంది. నిన్న పదిన్నరకు మంచం దించాను. గార్డు వచ్చి బోర్డు చూపించాడు. చదివానని చెప్పి కూర్చున్నాను. పచ్చిక ఇంకా తడిగానే ఉంది. మంచం కాళ్లు నాలుగూ మెల్లగా మట్టిలో దిగాయి. పక్కన ఒకరికి చోటు వదిలాను, ఎండ అక్కడికి వచ్చింది.