రాజమోహన్ విప్పని తాయెత్తు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సు, ఊరు దాటి నాలుగు మైళ్ళు పోకముందే టైరు పేల్చుకుంది. రోడ్డు వారన నిలబడి డ్రైవరు తిట్లు వింటున్నాను. తిట్లలో మా పడమటి వాళ్ళ పాండిత్యం మీద ఒక గ్రంథం రాయొచ్చు. అచ్చువేసే ధైర్యం ఎవరికుంది?

అప్పుడే వెనక నుంచి ఇద్దరు చెప్పుల్లేకుండా నడిచి వచ్చారు. ముందు మొగుడు, నాలుగడుగుల వెనక పెళ్ళాం. మొగుడి మెడలో నల్లదారం, దానికి తాయెత్తు. తేరిపార చూస్తే, రాజమోహన్!

రాజమోహన్ తాయెత్తు కట్టుకోవడమంటే ఉదయగిరి కొండ లేచి కలిగిరి సంతకి పోవడమే. డెబ్బై రెండులో నేను ఉదయగిరిలో ఆరు నెలలు కాలు నిలిపాను. నా ట్రంకుపెట్టెలో దేవుడు లేడని చెప్పే పుస్తకాలు నాలుగు, ఉన్నాడేమోననేది ఒకటి. పద్నాలుగేళ్ళ రాజమోహన్ ఆ నాలుగూ నమిలి మింగాడు. అయిదోది తెరవకుండానే తిరిగిచ్చాడు. మరుసటి వారం, వాళ్ళవ్వ కామమ్మ నిద్రపోతుండగా ఆమె దండచేతి తాయెత్తు, ఆత్మకూరు దగ్గరి పేట దర్గాలో కట్టించుకున్నది, తెంచుకొచ్చి బస్టాండులో బల్లెక్కి, అందరి ముందూ బ్లేడుతో కోశాడు. లోపల బొటనవేలంత కాగితం.

"ఇంతే! కాగితం, సిరా!" అన్నాడు.

బీడీబంకు అల్లాబకాష్ తాపీగా అడిగాడు: "మరేముంటాదనుకున్నావు నాయనా, కోడిగుడ్డా?"

బస్టాండంతా నవ్వింది. కామమ్మ వచ్చి, కాగితం మడిచి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం వాడి భుజం తట్టాను. నెల తిరక్కుండా ఊరొదిలేశాను. ఆదర్శాలు బోధించేవాడికి బస్సు టైములు బాగా తెలిసుండాలి.

ఇప్పుడు వాడికి ఇరవై ఆరు. ఆత్మకూరులో ఎరువుల కొట్టు గుమాస్తా. తొలిచూలు బిడ్డ పుట్టిన రోజే పోయిందట. ఆనాటి నుంచి ఎనిమిది నెలలుగా పెళ్ళాం వసంతకుమారి నోట మాట లేదు. నెల్లూరు డాక్టరు మాత్రలు వేస్తూనే, ప్రతి గురువారం పేట దర్గాకి నడిపించుకుపోయి, ఒక రాత్రి అక్కడ పడుకోబెడుతున్నాడట.

జాలిపడాల్సిన చోట నా నాలిక పాత దారే పట్టింది. "దీన్ని కూడా బ్లేడుతో కోసి చూసినావా?"

"లేదు సార్. కాగితమే ఉంటాది. చిన్నప్పుడే చూసినాను గదా."

"మరెందుకు కట్టుకున్నావురా?"

వాడు టైరు కేసి చూసి, నా కేసి చూశాడు. "మీరు పుస్తకాలిచ్చి బస్సెక్కినారు. ఆడ దర్గాలో రసూల్‌బీ అని ఒక ముసలామె ఈమె పక్కనే చాపేసుకుని పడుకుంటాది. ఏమీ అడగదు. పోయిన వారం ఈమె ఆమె చెయ్యి పట్టుకునింది. ఎనిమిది నెల్లలో అదే మొదలు సార్."

దీనికి సమాధానంగా నా దగ్గర మూడు దేశాల సూక్తులున్నాయి. గొంతు సవరించుకుని, "నమ్మకం అనేది..." అని మొదలుపెట్టాను.

"ఎండెక్కుతా ఉండాది."

అన్నది వసంతకుమారి. ఎవరి కేసీ చూడలేదు. రోడ్డు కేసి చూస్తూ, బొంగురు గొంతుతో, పొద్దుటి నుంచీ మాట్లాడుతున్నదానిలా.

రాజమోహన్ ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు.

"పోదాం పా," అన్నాడు ఆమెతోనే.

ఈసారి ముందు నడవలేదు, పక్కన నడిచాడు. నేనొకడిని అక్కడ నిలబడి ఉన్నానన్న సంగతే వాడికి గుర్తు లేదు.