మాట తప్పే మామయ్య

మా మామయ్య మాట తప్పే మనిషి. అలాగని వస్తానని రాకుండా ఉండే రకం కాదు. నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నవాడు. నాలుగింటికి వస్తానంటే మూడూ యాభై తొమ్మిదికే మన గుమ్మం ముందు నిలబడి, ఆ మిగిలిన నిమిషం అయ్యేదాకా తలుపు తట్టడు. ఆయన తప్పేది అక్షరాలా మాటలే. రోజుకు మూడు.

మతిమరుపు జబ్బు ముప్పు ఎవరికి ఎంతుందో తేల్చే ప్రశ్నలు ఆమధ్య ఏదో పత్రికలో వచ్చాయి. మామయ్య వాటిని కత్తిరించి కొట్లో గోడగడియారం తలుపు లోపల అతికించాడు. ఆ రోజు నుంచి కొట్లో అడుగుపెట్టిన ఏ ప్రాణికీ పరీక్ష తప్పలేదు. ముందు మూడు మాటలు చెప్తాడు. తర్వాత మన ఒంటి సంగతులన్నీ ఆరా తీస్తాడు. ఐదు నిమిషాలు కాగానే ఆ మూడు మాటలూ అప్పజెప్పమంటాడు.

"గొడుగు, తాళంచెవి, నిమ్మకాయ. గుర్తుపెట్టుకో," అన్నాడొకసారి పక్క సెలూన్ అతనితో.

"నేను బ్యాటరీ కోసం వచ్చానండీ."

"వేస్తాలే. నలుగురితో మాట్లాడుతుంటావా?"

"నోరు మూసుకుని గడ్డం గీస్తే మళ్లీ ఎవడొస్తాడండీ?"

"మంచిది. సిగరెట్టు?"

"ఇప్పుడొద్దండీ, ఇందాకే కాల్చాను."

మామయ్య నిట్టూర్చి నోటుబుక్కులో ఏదో గీసుకున్నాడు. ఐదు నిమిషాలయ్యాక సెలూన్ అతను మూడు మాటలూ టకటకా చెప్పేశాడు.

"భేష్," అన్నాడు మామయ్య. "గొడుగు, తాళంచెవి..." అని ఆగి, నుదురు రుద్దుకుని, "మూడోదేమిటోయ్?" అన్నాడు.

అదీ వరస. ప్రశ్నలిచ్చిన మేష్టారే పరీక్ష తప్పుతాడు.

మేం వాళ్ల మేడమీదే ఉంటాం కనుక ఇంటి పరీక్ష మాకూ ఉండేది. ఆదివారం పొద్దున కాఫీ అవగానే ర్యాంకులు. మా ఆవిడ ఎప్పుడూ మూడుకి మూడు. నేను రెండు. ఒక ఆదివారం పరువు కోసం అరచేతిలో రాసుకున్నాను. చెమటకు "నిమ్మ" చెరిగిపోయి "కాయ" మిగిలింది.

"గొడుగు, తాళంచెవి, సొరకాయ," అన్నాను ధైర్యంగా.

"నువ్వు సొరకాయలు కోస్తావని తెలుసురా అల్లుడూ. పరీక్షలో కూడా కోస్తావనుకోలేదు," అన్నాడు.

అత్తయ్యకు ఒక్క మాట గుర్తుండేది, ఒక్కోసారి అదీ లేదు. అయినా ఆఖరి ర్యాంకు ఎన్నడూ ఆమెది కాదు. ఆమె ఒకటి చెప్తే మామయ్యకు సున్నా. ఆమె సున్నా అయితే, "అసలు మాటలు చెప్పానా ఇవాళ?" అనేవాడు. ఫ్రిజ్‌లో కళ్లజోడు దొరికితే, "నేనే పెట్టుంటాను," అనేవాడు. కళ్లజోడేమో అత్తయ్యది. పాలు మాడితే, "నేనే పొయ్యి కట్టెయ్యలేదు," అనేవాడు. ఆయనకు పొయ్యి వెలిగించడమే రాదు. అప్పటికీ నా బుర్రకు ఎక్కలేదు.

"మీ మామయ్య వరస బాగాలేదు," అంది మా ఆవిడ. నాకూ భయం పట్టుకుంది. ఆవగింజంత మరలతో పని, మతి తప్పితే కొట్టు మూసెయ్యాలి. కొట్టు మూస్తే మామయ్య కీ ఇవ్వని గడియారమే. జ్ఞాపకశక్తి పరీక్షించే డాక్టరమ్మ దగ్గర ఆయన పేరు రాయించాను.

"వస్తాను గానీ మీ అత్తయ్య తోడు రావాలి. ఆవిడ చెప్పేది నాకు గుర్తుండొద్దూ?" అన్నాడు.

అత్తయ్యకు ఆస్పత్రి ఆమడ దూరం. వాళ్లమ్మ చివరి రోజుల్లో కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆనాటి నుంచి ఆ జబ్బు పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది. అలాంటిది, మొగుడి కోసం చెప్పులేసుకుని మాకంటే ముందు బయల్దేరింది.

"ఇద్దరూ వచ్చారు కదా, ఇద్దరికీ చూసేద్దాం," అంది డాక్టరమ్మ.

"అవునండీ, పక్కన ఇంకొకరు రాస్తుంటే నాకు ధైర్యం," అన్నాడు మామయ్య గబుక్కున.

డాక్టరమ్మ మూడు మాటలు చెప్పగానే అత్తయ్య నవ్వింది. "ఓస్, ఇదా? మా ఇంట్లో వారం వారం జరిగే భాగోతమే." కాసేపాగి అడిగితే ఆమెకు ఒకటి గుర్తుంది. మామయ్యకు యథాప్రకారం సున్నా. తర్వాత చెరో కాగితం ఇచ్చి, గడియారం గీసి పదకొండూ పది చూపించమంది. అత్తయ్య అంకెలన్నీ ఒక పక్కకే సర్దింది. మామయ్య వంకరగా గీద్దామని పెన్సిల్ పెట్టాడు. చెయ్యి ఒప్పుకోలేదు. నిండు గుండ్రం, అరవై గీతలు. గంటల ముల్లును పదకొండు మీద ఆపకుండా, పది నిమిషాలకు ఎంత జరగాలో అంతే జరిపాడు.

డాక్టరమ్మ అత్తయ్యను చెవుల పరీక్షకు పక్క గదిలోకి పంపి, కాగితం ఎత్తి చూపించింది.

"మూడు మాటల్లో ఒక్కటీ గుర్తులేదు. ముల్లు మాత్రం ఇంత జరగాలని గుర్తుందా?"

మామయ్య తలొంచుకున్నాడు. "మాట తప్పగలనండీ. టైము తప్పలేను."

తర్వాత నా వైపు తిరిగాడు. "మీ అత్తయ్యను చూపిద్దామంటే ఏడ్చిందిరా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లనని తనకు మాటిచ్చాను. అందరికీ పరీక్ష పెడితే తనొక్కతే అనుకోదు కదా. ఆఖర్న నేనుంటే తను ఆఖరు కాదు."

నా రెండు మాటలకే ఏడాది పాటు మీసం తిప్పుకున్నవాణ్ణి. ఆ క్షణంలో మీసం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

అత్తయ్య తిరిగొచ్చాక డాక్టరమ్మ ఆమెకే దాచకుండా చెప్పింది. "జబ్బని ఇప్పుడే అనలేను. ముప్పు మాత్రం ఉందమ్మా. బీపీ ఎక్కువ, ఇంట్లోంచి కదలరు, చెవులు సగమే పనిచేస్తున్నాయి. సరిగ్గా వినబడని మాట గుర్తెలా ఉంటుంది? చెవికి మిషను పెట్టుకోండి, రోజూ నడవండి, ఆర్నెల్లకు మళ్లీ రండి."

ఇప్పుడు అత్తయ్య రోజూ నడిచే కొట్టుకెళ్తుంది. చెవి మిషను పెట్టుకుని కౌంటరు దగ్గర తనే పరీక్షలు పెడుతోంది. మామయ్య కంటికి భూతద్దం బిగించుకుని పనిలో ఉండగా మెల్లిగా అడిగాను.

"మామయ్య మాట తప్పాడని కోపం లేదా అత్తయ్యా?"

"ఎక్కడ తప్పాడు? నన్ను తీసుకెళ్లనన్నాడు, తీసుకెళ్లలేదు. నేనేగా ఆయన్ని తీసుకెళ్లాను."

"ఆయన నటిస్తున్నాడని నీకు..."

"మా పెళ్లిలో మా అన్నయ్య ఆయన చెప్పులు మార్చేశాడని నలభై ఏళ్లుగా సాధిస్తున్న మనిషి, నిమ్మకాయ మర్చిపోతాడుట్రా?"

"మరెందుకు వెళ్లావు?"

"అంత చేతకాని నటన ఇంకెన్నాళ్లు చేస్తాడు పాపం," అంది. "సరేగానీ, ఇవాళ నీ వంతు. గొడుగు, తాళంచెవి..." అని ఆగింది. కళ్లు చిట్లించింది. "మూడోదేమిట్రా?"

ఇప్పుడే తన నోటితో అన్న మాటే. నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"సొరకాయ," అన్నాను.

భూతద్దం తియ్యకుండానే మామయ్య అన్నాడు, "కొయ్యరా అల్లుడూ, కొయ్యి."