గంగాళం చెయ్యి, చిన్న గిన్నె

హాస్టల్ వంటింట్లో ఆమెను అందరూ గరిటమ్మ అనేవారు. గరిట అంటే మన ఇళ్ళలో కూర కలిపేది కాదు, పడవ తెడ్డంత ఉండేది. దాంతో గంగాళంలో బస్తా బియ్యం కలిపిన చెయ్యి ఆమెది. సొంత పొయ్యి ముఖం చూసింది మాత్రం తక్కువ. భర్త పోస్ట్‌మాన్, ఉత్తరాలు పంచేసి మధ్యాహ్నానికే ఇల్లు చేరేవాడు కాబట్టి ఆయనే వండేవాడు. వంటమనిషి మొగుడు చెయ్యి కాల్చుకుంటున్నాడని వీధిలో నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఆమె పని మానేసిన ఏడాదే ఆయనకు జ్వరం పట్టుకుంది. జ్వరమైతే దిగింది గానీ మనిషి సగమయ్యాడు, పళ్ళు కదిలాయి, చేతులకు వణుకొచ్చింది. తిండి పడకపోతే మళ్ళీ ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాల్సిందేనన్నాడు డాక్టరు. అలా వంటిల్లు ఆమె చేతికొచ్చింది.

మొదటిరోజు ఆయన నాలుగు ముద్దలు నమిలి, ఆకలి లేదంటూ చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడూ అంతే. ఆమె తిని చూసింది. ఆమె గట్టి పళ్ళకు తేడా ఏమీ తెలియలేదు. జ్వరాన్ని తిట్టింది, డాక్టర్ని తిట్టింది, పాతవని చెప్పి కొత్త బియ్యం అంటగట్టాడని కొట్టువాణ్ణీ దులిపేసింది. ఆ తర్వాత మెత్తగా ఉండాలని నీళ్ళు పెంచి, గంజి వార్చకుండా వదిలేస్తే అన్నం జావయింది. పక్కింటి వదిన తొంగిచూసి, గోడకు కాగితాలు అంటించుకోవచ్చని మెచ్చుకుని వెళ్ళింది.

బియ్యం చిత్రమైన సరుకు. ఓడలో వండేవాడికీ, జైల్లో వండేవాడికీ, అద్దెగదిలో ఒక్కడే వండుకునే గుమాస్తాకూ ఒకేలా లొంగదు. ఒక గిన్నెతో కుదిరిన చనువు ఇంకో గిన్నె దగ్గర పనికిరాదు.

ఆ సాయంత్రం ఆయన మెతుకులను అటూ ఇటూ జరుపుతుంటే ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఊళ్ళో పిల్లలందరి కడుపులూ నింపి, ఇప్పుడు అన్నం వండడం ఎలాగని మొగుణ్ణి అడగడమా? చివరికి మొహం పొయ్యివైపు తిప్పుకుని అడిగింది.

"మీరెలా వండేవారు?"

ఆయన గోడ పట్టుకుని వచ్చి పీట లాక్కుని కూర్చున్నాడు. బియ్యం కడగడం, నానబెట్టడం, ఎసరు మరిగాక పోయడం, దేనికీ వంక పెట్టలేదు. మెతుకులో ఇంకా పలుకు ఉండగానే ఆమె గంజి వార్చి గిన్నెను గట్టుమీద పెట్టింది.

"అప్పుడే దించావేంటే?"

"మిగతాది ఆవిరికే ఉడుకుతుందిగా."

"గంగాళంలో ఉడుకుతుంది. బస్తా బియ్యం దించాక కూడా లోపల కుతకుతలాడుతూనే ఉంటాయి. ఈ పిడికెడు బియ్యానికి అంత వేడెక్కడిది? మళ్ళీ ఎక్కించు. సన్నమంట. మూత తియ్యకు."

"ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"నీకు చెప్పేంతవాణ్ణా? ఆ తెడ్డుతో ఒక్కటిస్తే నేనేమైపోవాలి?"

ఇప్పుడు మాత్రం ఒక్కటివ్వనని తానేమీ మాటివ్వలేదంటూ ఆమె గిన్నె ఎక్కించింది. మధ్యలో చెయ్యి మూతమీదికి పోతే ఆయన కళ్ళతోనే ఆపాడు. కాసేపటికి మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కాడు. పలుకు తగల్లేదు.

వడ్డించి ఆమె పక్కనే నిలబడింది. ఆయన ముద్ద తర్వాత ముద్ద తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక తలెత్తకుండా దాన్ని కొంచెం ముందుకు జరిపాడు. ఆమె గిన్నె అడుగున ఉన్నదంతా ఆయనకే ఊడ్చిపెట్టి, తనకోసం మళ్ళీ ఎసరు పెట్టుకుంది.