దాపట అన్నది ఎవరు

వార్త ఏదైనా ఇద్దరి నోట విడివిడిగా విన్నాకే కాగితం మీద పెట్టాలని పత్రికాఫీసులో చేరిన కొత్తలోనే నాకు నేర్పారు. దయ్యమని, గాలి అని ఎవరైనా మొదలుపెడితే నేను అడిగేది ఒకటే: చూసింది మీరా, మీకు చెప్పినవాళ్లా? ఎప్పుడూ చెప్పినవాళ్లే. అందుకని నాకు ఆ నమ్మకమూ లేదు, ఆ భయమూ లేదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా చెవులతో నేను విన్నది. అడగవలసిన వాళ్లందరినీ అడిగాను. తేలలేదు.

కోయంబత్తూరులో మిల్లులు రాత్రీ పగలూ నడుస్తున్న రోజులవి. మాది బందరు. పెళ్లయిన కొత్తలో నన్ను అక్కడికి వేశారు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి వార్తలు పంపడానికి ఆఫీసు ఒక పాత ఫియట్ కారు ఇచ్చింది. కారు నడపడం నాకు వచ్చు. ఆ ఊరి రోడ్డు మీద నడపడం రాదని వెంటనే తెలిసింది.

మిల్లు సైరన్ కూసిందంటే రోడ్డంతా సైకిళ్లే. అప్పుడు కారు ఇంజను ఆపి ఊరుకోవాలి. హారన్ కొడితే ఇంకా మెల్లగా తొక్కుతారు. పత్తి బండ్లు రోడ్డు మధ్యలో నడుస్తాయి. తోలేవాడు నిద్రపోతుంటాడు, ఎద్దులకు దారి తెలుసు. తప్పుకోవలసింది మనమే. ఇవేవీ లైసెన్సు ఇచ్చినప్పుడు చెప్పరు.

అన్నిటికన్నా తికమక పెట్టింది లారీ కుడి లైటు. మా ఊళ్లో కుడి లైటు వెలిగి ఆరుతుంటే ముందు బండి కుడివైపు తిరుగుతుందని అర్థం. అక్కడి హైవే మీద దానికి ఇంకో అర్థం ఉంది: ఎదురుగా ఏమీ రావడం లేదు, నన్ను దాటి పో అని.

ఒకసారి మా ఇంటి ఓనరు గోవిందసామి పక్కన కూర్చుని ఉన్నాడు. వాళ్లు ఎన్నో తరాల కిందట అక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. ముందు లారీ కుడి లైటు వేసింది. నేను వేగం తగ్గించి దాని వెనకే ఉండిపోయాను. వెనక బస్సు హారన్ మోత.

"ఏం సార్, ఆయప్ప పొమ్మని చెప్పతా ఉండాడు గదా. వాని ఎనకాలనే పెండ్లికి పోతా ఉండామా?"

"కుడివైపు తిరుగుతాడేమోనని."

"యాడ తిరిగేది? ఆ పక్కం అంతా టెంకాయ తోపు. లారీ చెట్టెక్కుతుందా?"

కుడివైపు దారి ఉందా లేదా చూసుకోవాలి, లేకపోతే దాటేయాలి. అదీ నియమం. కొన్ని నెలల్లో అది నాకు అలవాటైపోయింది.

గోవిందసామి తల్లిని మేమూ అవ్వ అనే పిలిచేవాళ్లం. కారు ఎక్కడికి బయలుదేరినా ముందు సీట్లో ఆమె ఉండాల్సిందే. పుట్టింటి నుంచి అత్తింటికి ఎద్దుల బండి మీద వచ్చిన మనిషి. నన్నూ అలాగే తోలేది. కుడి ఎడమలు ఆమె నోట రావు. జత ఎద్దుల్లో కుడి పక్కది వలపటి ఎద్దు, ఎడమ పక్కది దాపటి ఎద్దు. కాబట్టి కుడివైపు తిరగాలంటే "వలపట", ఎడమకు అయితే "దాపట". బందరు బజార్లో పెరిగిన నాకు ఆ మాటలే తెలియవు. మొదటిసారి దాపట అంటే దాపుకు, దగ్గరికి అనుకుని ముందు పోతున్న బండికి ఆనించినంత పని చేశాను.

"దాపట అంటే మూతి పెట్టి ముద్దు ఇమ్మని గాదు కన్నూ, ఈ పక్కం!" అని నా ఎడమ భుజం మీద చరిచింది. వెనక సీట్లో నా భార్య శారద నవ్వలేక చచ్చింది.

తర్వాత తర్వాత అవ్వ నోట మాట పూర్తికాకముందే నా చేతులు తిరిగేవి. ఆలోచించే పనిలేదు.

శారదకు నెలలు నిండుతుండగా అవ్వ పట్టుబట్టి ఉడుమలైపేటలో తన కూతురు లక్ష్మి ఇంట్లో గాజులు తొడిగించింది. భోజనాలయి విస్తళ్లు ఎత్తుతుండగా శారదకు నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి ఇంకా రోజులున్నాయి. మొదటిసారి ఒక బిడ్డ కడుపులోనే పోయింది కాబట్టి, ఏ కొంచెం తేడా వచ్చినా ఆలస్యం చేయకుండా కోయంబత్తూరు తీసుకురమ్మని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది.

శారదను వెనక సీట్లో పడుకోబెట్టి, తల తన ఒళ్లో పెట్టుకుని లక్ష్మి కూర్చుంది. అవ్వ మామూలుగా ముందు తలుపు తీసింది.

"నువ్వు ఏలమ్మా? ఆసుపత్రిలో ఈ పాపను చూసేదా, నిన్ను చూసేదా?" అని లక్ష్మి కసిరింది.

అవ్వ సణుగుతూ తలుపు వేసి, వాకిట్లోనే నిలబడింది. ముందు సీట్లో బట్టల మూట పెట్టారు. ఇది నాకు బాగా గుర్తు. ఆ సీట్లో మూట తప్ప ఏమీ లేదు.

ఎండ తెల్లగా కాస్తోంది. ఊరు దాటాక పత్తి బేళ్లు వేసుకున్న లారీ ఒకటి ముందు తగిలింది. బేళ్లు రెండు పక్కలా బయటికి పొడుచుకు వచ్చి ఎదుటి దారి కనబడటం లేదు. నా వెనక ఒక మోటారు సైకిలు. శారద మూలుగుతోంది. "కొంచెం తొందరగా పో తమ్ముడూ" అంది లక్ష్మి.

లారీ కుడి లైటు వేసింది.

కుడి పక్క చూశాను. టెంకాయ తోపు. దారి లేదు. గేరు మార్చి కుడికి తీశాను. ముందు చక్రం రోడ్డు మధ్య దాటింది.

"దాపట!"

నా ఎడమ చెవిలో, భుజానికి జానెడు దూరంలో. అవ్వ గొంతు. "దాపట! దాపట!"

నా చేతులు తిరిగాయి. కారు ఎడమకు కోసుకుని మట్టిలోకి దిగి, ఊగి ఆగింది. నన్ను అనుసరించి కుడికి తీసిన మోటారు సైకిలు మా పక్కనుంచి ముందుకు వెళ్లిపోయింది. అదే క్షణాన లారీ కుడివైపుకు తిరిగింది. ఆ తోపులో కొత్తగా పత్తి మిల్లు పెట్టారట. చెట్ల మధ్య గేటు నాకు కనబడలేదు.

చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. అదే ఇప్పటికీ గుర్తొస్తుంది.

కారు దిగి పరుగెత్తాను. ఇరవై అయిదేళ్లు దాటని మనిషి. చేయగలిగిందేమీ లేదని చూడగానే తెలుస్తోంది. మిల్లువాళ్లు జీపు తెచ్చారు. "నువ్వు పో తమ్ముడూ, ఇక్కడ వాళ్లుండారు" అని లక్ష్మి కారులోంచి అరిచింది. వెళ్లాను. ఆ సాయంత్రం మాకు ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ తువ్వాలులో చుట్టి చూపించినప్పుడు కూడా నేను ముందు సీటు గురించే ఆలోచిస్తున్నాను.

ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. శారద కళ్లు మూసుకుని ఉంది. ఎవరో ముసలామె గట్టిగా ఏదో అనడం వినబడిందట. మాట ఏమిటో తెలియదు. లక్ష్మికి ఏమీ వినబడలేదు.

"మా అమ్మ గొంతు నాకు తెలీదా? నువ్వే అరిస్తివి, దాపట దాపట అని."

నేను అరిచానా? ఆ మాట నేను వినేవాణ్ణే గాని ఎప్పుడూ నోట పలికినవాణ్ణి కాదు. పోనీ నేనే అరిచాననుకుందాం. లారీ తిరుగుతుందని నాకు ఎలా తెలిసింది?

మేము బయలుదేరాక అవ్వ లక్ష్మి ఇంట్లోనే పడుకుని నిద్రపోయిందట. కలగన్నావా అని అడిగితే, "కల గాదు, ఏప్పం వచ్చె. పాయసం జాస్తి తింటిని" అంది. ఏప్పం అంటే త్రేన్పు. ఆమె ఆ తర్వాత చాలా కాలం బతికింది. ఎన్నిసార్లు అడిగినా అంతకు మించి చెప్పలేదు.

చనిపోయిన మనిషి పేరు దేవరాజు. ఉడుమలైపేటలో ఒక చిన్న మిల్లులో ఫిట్టరు. అక్కడి తెలుగువాడే. ఆ రోడ్డు మీదే పెరిగినవాడు. లారీ లైటు సంగతి నాకన్నా బాగా తెలిసినవాడు. మిల్లు గేటు దగ్గర ఎళనీరు, అంటే కొబ్బరిబోండాలు, అమ్మే ఆయన్ను తర్వాత కలిశాను. ఆయన చెప్పింది ఇది: మోటారు సైకిలు మీ కారును దాటగానే ఆ అబ్బాయి ఎవరో పిలిచినట్టు తల వెనక్కి తిప్పాడు. అలా తిప్పకపోతే లారీ మళ్లడం చూసేవాడు, బ్రేకు వేసేవాడు.

నేను పంపిన వార్త నాలుగు వాక్యాలు. తల తిప్పిన సంగతి అందులో లేదు.

పాపను అవ్వకు చూపించడానికి మళ్లీ ఉడుమలైపేట వెళ్లినప్పుడు ఒకామె లక్ష్మి ఇంటికి వచ్చింది. మిల్లులో నూలు చుట్టే పని. చీర మీద దూది పీచు అక్కడక్కడ అంటుకుని ఉంది. దేవరాజు తల్లి మరియమ్మ. లక్ష్మి ద్వారా అన్నీ విని ఉంది. అరుగు మీద కూర్చోమంటే కింద మెట్టు మీద కూర్చుంది.

"మీకు ఎవరో చెప్పినారంట గదా సార్, పక్కకు పొమ్మని."

"అలా అనిపించింది అమ్మా."

"నా కొడుకు తిరిగి చూసినాడంట."

అవునన్నాను.

ఆమె చేతి గోళ్లలోని పీచు తీసుకుంది.

"ఆ పొద్దు నాకు లీవు. మధ్యాన్నం బియ్యంలో రాళ్లు ఏరతా ఉంటిని. ఉన్నట్టుండి వాని పేరు పెట్టి పిలిస్తిని. దేవా అని. గట్టిగానే. పక్కింటామె నవ్వింది, ఎవర్ని పిలిచేది, వాడు ఇంట్లో లేడు గదా అని. ఏల పిలిస్తినో నాకు తెలీదు సార్. నేను పిలిస్తే వాడు యాడున్నా తిరిగి చూస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే." తలెత్తి నా మొహంలోకి చూసింది. "నా గొంతుకి తిరిగినాడా?"

ఎన్ని గంటలప్పుడు అని అడగడం నా వృత్తి. పక్కింటామె ఎవరని అడగడం కూడా. అడగలేదు.

"లేదమ్మా. నేను కారు ఆపుతూ హారన్ కొట్టాను. దానికి తిరిగాడు."

"హారన్‌కా?"

"అవునమ్మా."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. లోపల పాప ఏడుపు అందుకుంది.

"ఆ బిడ్డేనా?"

"అవునమ్మా."

"పాలకు ఏడస్తా ఉంది. పోయి చెప్పు వాళ్లమ్మకు" అని లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది.

లోపలికి వెళితే శారద పాపను ఎత్తుకుని తలుపు పక్కనే నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"హారన్ ఎప్పుడు కొట్టారు మీరు?" అంది.

ఎళనీరు ఆయన్ను హారన్ గురించి నేను అడగలేదు. తర్వాత అడుగుదామని వెళితే ఆయన అక్కడ లేడు. శారద కొట్టలేదంటుంది, లక్ష్మి గుర్తులేదంటుంది. ఆ మధ్యాహ్నం ఆ రోడ్డు మీద మాట్లాడింది ఎవరో, ఎవరెవరికి వినబడిందో నేను చెప్పలేను. హారన్ కొట్టానో లేదో కూడా నాకే తెలియదు. కొట్టి ఉంటే బాగుండునని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.