ఒక్కొక్కటే మార్చి చూడు

ముందే చెబుతున్నాను, నేను గోరంతని కొండంత చేసే రకం. సగం కొట్టేసి చదువుకోండి. ఇవాళ పొద్దున ఆటోనగర్‌లో ఎవరిదో లారీ క్లచ్ ప్లేటు కాలింది. ఆ కమురు వాసన తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. నాకు పని నేర్పిన రహీం భాయ్ చొక్కా వాసన అది.

భాయ్ షెడ్డులో కేకేస్తే కంకిపాడులో గేదెలు పాలు చేపడం మానేసేవి. ఇంజను చప్పుడు విని లారీ ఓనరు జాతకం చెప్పేవారు. పనిలో చేరిన కొత్తలో, మొరాయించిన ఇంజనుకి ఫిల్టరూ పంపూ ఒకేసారి మార్చేశాను. బండి స్టార్టయింది. కాలరెగరేశాను.

"రోగం దేంట్లో ఉందిరా?" అన్నారు భాయ్.

"బండి నడుస్తోందిగా భాయ్!"

"దేనివల్ల నడిచిందో తెలియకపోతే నువ్వు మెకానిక్కువి కాదు, అదృష్టవంతుడివి. ఒక్కొక్కటే మార్చి చూడు."

నా షెడ్డు, నా ఇల్లు, చివరికి నా పొట్ట కూడా ఆ మాట మీదే పెరిగాయి.

ఏళ్ళు గడిచాక ఆయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. డాక్టరమ్మగారు సెలైన్‌లో ఎక్కించే కీమోతో పాటు రోజూ వేసుకునే మాత్ర రాశారు. "కీమో గబగబా పెరిగే కణాలన్నిటినీ కొడుతుందండీ. మాత్ర మీ గడ్డని పెంచుతున్న మీటని పట్టి ఆపుతుంది. రెండూ కలిపే వాడాలి" అన్నారు. మొదటి స్కానులో గడ్డ తగ్గింది. ఆ రోజు నేను పంచిన మిఠాయికి బెజవాడ చీమలన్నీ మా షెడ్డుకే వచ్చాయి. భాయ్ ఒక్కరే మొహం చిట్లించుకుని కూర్చున్నారు.

కొన్నాళ్ళకు ఇంటికి వెళితే మాత్రల డబ్బా నిండుగా ఉంది.

"ఇదేంటి భాయ్?"

"ఆపేశాన్రా. రెండిట్లో ఏది పనిచేస్తోందో తెలియొద్దూ? ఒంటినిండా ఈ పొక్కులు దీనివల్లే. ఇది లేకుండా కూడా నడిస్తే మింగడం దేనికి?"

"మీరు లారీ కాదు భాయ్! కలిపే వాడమన్నారు కదా ఆవిడ."

"నువ్వూ ఆవేళ కలిపే మార్చావు" అన్నారు.

ఎదురు చెప్పడానికి నా దగ్గర ఆయన నేర్పిన పాఠం తప్ప మరో పాఠం లేదు. ఇంజనయితే మనం ఆలోచించుకునేదాకా బల్లమీద పడి ఉంటుంది. జబ్బు ఆగలేదు. తర్వాతి స్కానుకి అది కాలేయం దాకా పాకింది.

ఆ స్కాను చూసి భాయ్ పకపకా నవ్వి, "పనిచేసింది మాత్రేనన్నమాట, తేలిపోయింది!" అన్నారని ఆటోనగరంతా చెప్పుకు తిరిగాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవారు. అది నేను అల్లింది. ఆయన నవ్వలేదు. పని అడగడానికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని, "మళ్ళీ రెండూ కలిపి మొదలుపెడదామా అమ్మా?" అన్నారు. డాక్టరమ్మగారు నా వంక చూశారు. ఆ చూపుని ఇంతవరకూ ఒక్క పిసరు కూడా పెంచి చెప్పలేకపోయాను.